ఉరుము కంటే ముందొచ్చే గరగర

బావమరిది నాగేంద్రబాబు 2008లో మస్కట్ నుంచి తెచ్చిన రేడియోను గంగబాబు సరిగ్గా మూడు రోజులు ఉంచుకుని, నాలుగో రోజు పొద్దున్నే దాని పెట్టెలోనే సర్ది, తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేశాడు. వెండి రంగులో, అరచేతిలో ఇమిడేంత సెట్టు. గరగర అంటని ఎఫ్.ఎం. ఒక్కటే పలుకుతుంది గానీ, పాట వస్తే ఎవరో పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. ముచ్చటపడి తెచ్చిన నాగేంద్రబాబు ముఖం చిన్నబోయింది.

"పాట సరిగ్గా రావట్లేదా బావా?" అని అడిగాడు.

"పాటకేం, బ్రహ్మాండంగా వస్తంది. మొన్న సాయంత్రం ఆకాశం చీలిపోయేలా మెరిసిందా, ఇది కిక్కురుమనలేదు. గరగర లేని రేడియో నాకెందుకురా?"

ఈ మాట ఊళ్ళో పాకింది. వెర్రి వెయ్యి విధాలన్నారు, ఇదొక విధమని కొత్తవాళ్ళు నవ్వుకున్నారు. పాతవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళకు సత్తియ్య సంగతి తెలుసు.

గంగబాబుది దింపు పని. కాళ్ళకు బందం, నడుముకు మోకు, మొలలో కత్తి పెట్టుకుని కొబ్బరిచెట్టెక్కి గెలలు దింపడం. సఖినేటిపల్లి నుంచి దిండి దాకా ఉన్న తోటల్లో అతని కాలు పడని చెట్టు తక్కువ. ఈ పనిలోకి అతన్ని దించింది అన్న సత్తియ్యే. దించింది అనకూడదేమో, ఎక్కించింది అనాలి. పద్నాలుగో ఏట మొదటిసారి చెట్టు చివర మట్టలు మొలిచే మొవ్వు దాకా ఎక్కి, కిందికి చూసి, భయంతో మట్టను కావలించుకుని ఉండిపోయిన తమ్ముణ్ణి సత్తియ్య పక్క చెట్టు మీద నుంచి కబుర్లు చెబుతూ చెబుతూ నేలమీదికి తెచ్చాడు. "కిందికి చూడకు, నా మొహం చూడు" అన్నాడట. గంగబాబుకి అన్నంటే అంత గురి.

1993 మే నెల రెండో వారంలో సత్తియ్య పోయాడు. మలికిపురం అవతల ఒక రైతు తోటలో దింపు. ఆ వారం గంగబాబు మడమలో ముల్లు విరిగి చీము పట్టడంతో చెట్టెక్కలేక కిందే ఉన్నాడు. సత్తియ్య భార్య వీరవేణి రాలిన కాయలు ఏరి రాశి పోస్తోంది. నీళ్ళు పారే బోదె గట్టు మీద గంగబాబు ట్రాన్సిస్టరు. విజయవాడ నుంచి సినిమా పాటలు వస్తున్నాయి. నెత్తిన ఎండ మాడిపోతోంది. గోదావరి వైపు ఎక్కడో కాస్త నలుపు కనిపించీ కనిపించనట్టు ఉంది. ఉరుమన్నది ఎవరూ వినలేదు.

రేడియోలో గరగర మొదలైంది. ముందు పాటకొకటి, తర్వాత చరణానికి నాలుగైదు. గంగబాబు సెట్టును రెండుసార్లు తట్టి చూశాడు, బ్యాటరీలు తీసి మళ్ళీ పెట్టాడు, స్టేషను ముల్లు అటూ ఇటూ తిప్పాడు. గరగర తగ్గలేదు సరికదా పెరిగింది.

"ఆ గోలేంటి గంగబాబూ, చెవులు తూట్లు పడిపోతన్నాయి. కట్టెయ్" అంది వీరవేణి.

గంగబాబు కట్టేశాడు.

ఆ తర్వాత సత్తియ్య నాలుగు చెట్లు దింపాడు. చెట్టుకి ఐదు నిమిషాలు వేసుకున్నా ఇరవై నిమిషాలు. ఐదో చెట్టు మొవ్వులో ఉండగా పిడుగు పడింది. ఒక్క చినుకు పడలేదు, ముందుగా ఒక్క ఉరుము వినిపించలేదు. మొదటి ఉరుమే అతని మీద పడింది.

ఆయువు మూడిందన్నారు. ఎండపిడుగుకి ఎవరేం చేస్తారన్నారు. రేడియో గురించి ఎవరూ అడగలేదు. అడగడానికి అందులో ఏముందని? వీరవేణి ఆరేళ్ళ కూతురు రమ్యశ్రీని పెట్టుకుని గంగబాబు ఇంటి పక్క వాటాలోనే ఉండిపోయింది. కాయలు ఏరే పనికే వస్తోంది. ఆ రోజు మాట ఆమె ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు. రేడియో అటకెక్కింది.

అది అక్కడే ఉండిపోయేది గానీ, రెండేళ్ళ తర్వాత సఖినేటిపల్లి రేవులో ఒక సాయంత్రం జరిగింది వేరు. గంగబాబు నరసాపురం వెళ్ళాలి. గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. టీ కొట్టు పందిరి కింద నిలబడ్డాడు. కొట్టులో రేడియో వార్తలు చదువుతోంది. గోదావరి మీద, చాలా దూరాన ఒక మెరుపు మెరిసింది. మెరిసిన ఆ క్షణంలోనే రేడియో గర్రుమంది. టీ గ్లాసు సగమయ్యాక ఉరుము మెల్లిగా వచ్చింది. కాకతాళీయం అనుకున్నాడు. మళ్ళీ మెరిసింది, మళ్ళీ గర్రుమంది. మూడోసారి గంగబాబు గ్లాసు బల్ల మీద పెట్టేసి రేడియో దగ్గరికి జరిగాడు. పంటు వచ్చింది, వెళ్ళింది. అతను ఎక్కలేదు.

ఆ గరగర బ్యాటరీలది కాదు. మెరుపుది. మరి అన్న పోయిన రోజు పాటను మింగేసినంత గరగర ఎక్కడిది?

ఇక్కడ గంగబాబు తన బుర్రను తనే బుజ్జగించుకున్నాడు. దింపు పనివాళ్ళకు చప్పుడు సంగతి బాగా తెలుసు. మొవ్వులో కూర్చుని చూస్తే రెండు తోటల అవతల గెల నేల తాకడం ముందు కనిపిస్తుంది, ధబ్బుమన్న చప్పుడు తర్వాత చేరుతుంది. కంటికున్న వడి చెవికి లేదు. రేడియోది ఎంతైనా చప్పుడే గదా, చెవితో వినేదే గదా. కాబట్టి అదీ ఉరుములాగే ఆలస్యంగానే వస్తుంది. అది వచ్చేసరికి జరిగేది జరిగిపోతుంది. రేవులో చూసింది మరేదో మెరుపు తాలూకు పాత గరగర, దీనికి కలిసొచ్చింది. ఇలా లెక్క కట్టుకుంటే ప్రాణం కాస్త కుదుటపడేది. రేడియో ఆలస్యమైతే తాను కట్టేసినా ఒకటే, కట్టెయ్యకపోయినా ఒకటే. వదిన కట్టెయ్యమన్నా ఒకటే.

లెక్క బాగానే ఉంది. కాకపోతే లెక్క మీద అతనికే నమ్మకం లేదు. అటక మీది సెట్టు దించి, బ్యాటరీలు వేసి, వాన పట్టిన ప్రతి సాయంత్రం అరుగు మీద పెట్టుకుని కూర్చునేవాడు. తొంభై ఆరు తుపానుకి కోనసీమలో కొబ్బరి నేలకి ఒరిగిపోయి, దింపువాళ్ళకు పని సగమైపోయి, అసలే అంతంత మాత్రంగా ఉన్న ఇళ్ళకు గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. అందరూ మిగిలిన చెట్లు లెక్కపెట్టుకుంటుంటే గంగబాబు మెరుపులు లెక్కపెట్టేవాడు. ప్రతిసారీ వెలుగూ గరగరా కలిసే వచ్చేవి. ప్రతిసారీ ఉరుము వెనకబడేది.

ఆ మరుసటి ఏటి నుంచి సెట్టును తోటకు కూడా తీసుకెళ్ళి, చెట్టు మొదట్లో పెట్టడం మొదలుపెట్టాడు. గరగర దట్టమైతే, "దిగిపోదామండీ" అనేవాడు. జట్టు మేస్త్రీ బంగారరాజు. నలభై ఏళ్ళు చెట్టెక్కిన మనిషి, మాట పడనివ్వడు.

"నీ పిచ్చిగానీ గంగబాబూ, రేడియో చెప్పేది చప్పుడా కాదా?"

"చప్పుడేనండీ."

"చప్పుడు వచ్చేలోపు పిడుగు పడిపోద్దా పడదా?"

"పడిపోద్దండీ."

"మరి చేతులు కాలేక ఆకులు పట్టుకోడానికి దిగమంటన్నావా? నల్లమబ్బు కంటికి కనపడితే అప్పుడు దిగుదాం. ఎక్కండెక్కండి."

జట్టంతా నవ్వేది. రేడియో గంగబాబు అని పేరు కూడా పెట్టారు. గంగబాబు గట్టిగా వాదించేవాడు కాదు. నోరు లేక కాదు. బంగారరాజు చెప్పిందే నిజమైతే బాగుండునని అతని లోపల ఉండేది. ఓడిపోవాలని కోరుకుంటూ వాదించేవాణ్ణి ఎవరు గెలిపిస్తారు?

1999 మే నెలలో ఆ ముడి విప్పింది సూర్యప్రకాశరావు గారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరై, రాజోలు దగ్గర రెండెకరాల కొబ్బరితోట చూసుకుంటున్న పెద్దాయన. పాఠం చెప్పడానికి మనిషి దొరక్క బెంగపెట్టుకున్న మాస్టారు. రెండు నెలలకోసారి దింపుకి వచ్చేవాళ్ళకే మజ్జిగతో పాటు గురుత్వాకర్షణ కూడా పోసేవారు. ఆ రోజు పని అయిపోయింది, జట్టు వెళ్ళిపోయింది. గంగబాబు ఒక్కడూ అరుగు కింద నిలబడి తల గోక్కున్నాడు.

"మాస్టారండీ, ఒక సందేహమండీ. రేడియో ఉరుములాగా మెల్లిగా వస్తదాండీ, మెరుపులాగా వస్తదాండీ?"

సూర్యప్రకాశరావు గారి ముఖం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పడమటి వైపు ఆకాశం అప్పటికే కమ్ముకొస్తోంది.

"నీ సెట్టు ఇలా పెట్టు. స్టేషను లేనిచోట ముల్లు పెట్టు. ఇప్పుడు చూడు."

ఇద్దరూ పడమటికి చూస్తూ కూర్చున్నారు. మెరిసింది, గర్రుమంది. మాస్టారు వేళ్ళు మడుస్తూ అంకెలు చదివారు. ముప్ఫై దగ్గర ఉరుము వచ్చింది.

"పది కిలోమీటర్లు. చప్పుడుకి కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు. గాలిని తోసుకుంటూ రావాలి మరి. వెలుగు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు. దానికి గాలితో పని లేదు."

"మరి రేడియో అండీ?"

"రేడియో తరంగం చప్పుడనుకుంటున్నావు కదూ? నా దగ్గర చదివిన డిగ్రీ పిల్లల్లోనే సగంమంది అలా అనుకునేవారు. కాదయ్యా. అది వెలుగుకి తోబుట్టువు. ఒకటే జాతి, ఒకటే వడి, అదీ సెకనుకి మూడు లక్షలే. ఒకటి కంటికి కనిపిస్తుంది, ఒకటి కనిపించదు, అంతే తేడా. నీ సెట్టులోకి వచ్చాక గానీ అది చప్పుడు కాదు. మెరుపులో రెండూ కలిసే పుడతాయి, కలిసే ఇక్కడికి చేరతాయి. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టదు."

గంగబాబు సెట్టును ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత చాలా నిదానంగా అడిగాడు.

"ఉరుమే వినపడలేదనుకోండి, ఎండ కాస్తందనుకోండి. కానీ రేడియో మాత్రం గరగరమంటందండీ. అప్పుడండీ?"

"అప్పుడు మెరుపులు దూరంగా మొదలయ్యాయన్నమాట. పదిహేను, ఇరవై కిలోమీటర్లు దాటితే ఉరుము మన దాకా రాదు. రేడియో తరంగం వందల కిలోమీటర్లు వస్తుంది. ఉరుము చెప్పలేనిది అది ముందే చెబుతుంది. గరగర దట్టమవుతోందంటే మబ్బు నీ వైపు వస్తోందని గుర్తు. మబ్బు నెత్తి మీదికి రాకుండానే ఒక్కోసారి పిడుగు ముందుకు దూకుతుంది కూడా. మీ పనివాళ్ళకు ఇంతకంటే మంచి హెచ్చరిక లేదయ్యా. గరగర మొదలైన ఇరవై నిమిషాలకు పిడుగు పడిందనుకో, నీకు ఇరవై నిమిషాలు ఇచ్చినట్టే కదా. చెట్టు దిగడానికి ఎంతసేపు కావాలి?"

"నిమిషం చాలండీ" అన్నాడు గంగబాబు.

తెచ్చిపెట్టిన మజ్జిగ తాగకుండానే లేచాడు. మంచి విద్యార్థి దొరికాడన్న సంతోషంలో మాస్టారు అతని ముఖం చూడలేదు. గంగబాబు సైకిలు ఎక్కలేదు, ఇల్లు చేరేదాకా నడిపించుకుంటూనే పోయాడు. వానలో తడిసి ఏడ్చినా ఎవరికీ తెలియదు గనక, దారంతా ఏడ్చాడు.

తన తప్పు తాను మోయగలడు. అన్న ముందు నిలబడి తల వంచుకోవలసింది తానే అనుకున్నా సరే. కానీ కట్టెయ్యమన్నది వదిన. ఈ సంగతి ఆమెకు తెలిస్తే? ఆరేళ్ళుగా కూలి చేసుకుని, పిల్లను చదివించుకుని, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా నెట్టుకొస్తున్న మనిషి. ఆమె చెవిన ఈ మాట పడకూడదని ఇల్లు చేరేలోపే తీర్మానించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వీరవేణి పెరట్లో గిన్నెలు తోముతోంది. గంగబాబు నూతి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"నిన్న మాస్టారి దగ్గర అంతసేపు ఉండిపోయేవంట. ఏం అడిగేవు?" అంది, గిన్నె మీద నుంచి తల ఎత్తకుండా.

"ఏం లేదు వదినా. రేడియో సంగతి."

"ఏం చెప్పేరు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు గంగబాబు తువ్వాలు కోసం తడుముకున్నాడు. అది భుజం మీదే ఉంది.

"అదీ ఉరుములాంటిదేనంట. మెల్లిగానే వస్తదంట. అది వినపడేసరికే పిడుగు పడిపోద్దంట. ముందు తెలుసుకునే దారి ఏదీ లేదంట."

వీరవేణి గిన్నె కడిగి బోర్లించింది. ఇంకోటి తీసుకుంది.

"మాస్టారు అలా చెప్పరే" అంది. "రమ్యశ్రీ పుస్తకంలో వేరేలా ఉంది. పోయిన పరీక్షలప్పుడు పైకి చదివింది. రేడియో తరంగాలూ వెలుగూ ఒకే వేగమని. నేను మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివింది."

గంగబాబు లెక్క చూసుకున్నాడు. రమ్యశ్రీకి పరీక్షలై రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలూ ఈమె తన పక్కనే కాయలు ఏరింది.

"మరి నాకు చెప్పలేదేం వదినా?"

"చెప్తే నువ్వింక చెట్టెక్కుతావా? ఇదుగో, నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదంట, కనకదుర్గ చెప్పింది." కనకదుర్గ గంగబాబు భార్య. "కట్టెయ్యమన్నది నేను. ఆ మాట నాకు గుర్తులేదనుకున్నావా? ఆయన పోయిన రోజు ఆయన కట్టుకున్న లుంగీ రంగు మరిచిపోయేను గానీ ఆ మాట మరిచిపోలేదు."

"కట్టేసింది నేను గదా."

"నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఇద్దరికీ తెలీదు." బూడిద చేతులు చీరకు తుడుచుకుని లేచి నిలబడింది. "తెలీనప్పుడు జరిగింది సరే. ఇప్పుడు తెలుసుకున్నాం గదా. అంతా తెలిసుండి నువ్వు అబద్ధాలాడి, నేను నోరు మూసుకుని కూర్చుంటే రేపింకోడు పోతాడు. ఆ రేడియో రేపట్నుంచి నాకియ్యి. నువ్వు పైనుంటావు, నీకేం వినపడద్ది?"

గంగబాబు లోపలికెళ్ళి సెట్టు తెచ్చి ఇచ్చాడు. వీరవేణి దాన్ని రెండు చేతులా తీసుకుంది. ఆరేళ్ళలో ఆమె దాన్ని తాకడం అదే మొదలు.

తర్వాతి వారం దిండి దగ్గర దింపు. జట్టులో నలుగురు చెట్ల మీద ఉన్నారు. గంగబాబు ఒక చెట్టు మీద, రెండు చెట్ల అవతల మేస్త్రీ బంగారరాజు. ఎండ చిటపటలాడుతోంది. వీరవేణి కాయల రాశి పక్కన కూర్చుని, రేడియో చెవి దగ్గర పెట్టుకుంది. పాట లేదు, ముల్లు స్టేషను లేనిచోట ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక ఆమె లేచి నిలబడింది.

"గరగర దట్టమైపోయింది. అందరూ దిగండి."

"ఎండ మండిపోతంటే దిగడవేంటి?" అని పైనుంచి కేకేశాడు బంగారరాజు. అప్పటిదాకా అతను కిందికి చూడలేదు. గంగబాబే ఎవరిచేతనో చెప్పిస్తున్నాడనుకున్నాడు. చూసేసరికి చెట్టు మొదట్లో సత్తియ్య భార్య, చేతిలో రేడియోతో నిలబడి ఉంది. తల పైకెత్తి అతనికేసే చూస్తోంది. గంగబాబు మాట మీద మూడేళ్ళలో ఒక్కసారి కూడా దిగని మనిషి, ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. సగం కోసిన గెల అలాగే వదిలేసి దిగాడు. మిగతావాళ్ళూ దిగారు. అందరూ వెళ్ళి మోటారు షెడ్డులో కూర్చున్నారు.

ముప్పావుగంట గడిచింది. గాలి లేచింది, మబ్బు కమ్మింది, సముద్రం వైపు రెండు ఉరుములు ఉరిమాయి. నాలుగు చినుకులు రాలి వెళ్ళిపోయాయి. పిడుగు ఎక్కడా పడలేదు. గరగర తగ్గేసరికి పొద్దు వాలిపోవడంతో ఇక ఎక్కడానికి వీల్లేకపోయింది.

బంగారరాజు తువ్వాలు దులుపుకున్నాడు. "చూసేవా చెల్లెమ్మా, ఒక్కటీ పడలేదు. అనవసరంగా దిగేం. పదహారు చెట్లుండిపోయినియ్."

"ఉండనియ్యండి అన్నయ్యగారూ" అంది వీరవేణి, రేడియో కట్టేస్తూ. "రేపెక్కుదురుగాని."

ఆమె మామూలుగానే అంది. కానీ రేపు అన్న మాట విన్నాక బంగారరాజు లేచి తన మోకు చుట్టుకున్నాడు. గంగబాబు తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ పదహారు చెట్లూ బంగారరాజే ఎక్కి దింపాడు.